మస్తాన్ అరుగు, ఆరు మీటర్ల సందు

ఉమ్రా యాత్రకు మక్కా వెళ్ళొచ్చినవాళ్ళు ఖర్జూరాలు తెస్తారు, జంజం నీళ్ళు తెస్తారు, చుట్టాలకు టోపీలు, తస్బీ దండలు తెస్తారు. నేనూ అన్నీ తెచ్చాను, పంచాను, అయిపోయాయి. పంచడానికి వీల్లేనిది ఒకటి మిగిలింది. దాన్ని ఇక్కడ రాస్తున్నాను. పుణ్యం సంగతులు కావాలంటే మా ఆవిడ ఖాజాబీని అడగండి, ఆమెకు అన్నీ వరసగా గుర్తున్నాయి. నాకు ఒక అరుగు, రెండు సందులు, ఒక కొలత మాత్రం గుర్తున్నాయి.

నేను కడప జిల్లాలో ఒక చిన్న మునిసిపాలిటీలో ఇరవై ఆరేళ్ళు టౌన్ ప్లానింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఎవరి ఇల్లు రోడ్డు మీదికి ఎంత వచ్చిందో టేపు పెట్టి కొలిచి, గోడ మీద ఎర్ర రంగుతో గుర్తు పెట్టడం నా పని. వీధిలో నన్ను చూస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. చాలా ఏళ్ళు అది గౌరవమే అనుకున్నాను. అరుగు కొలుస్తానేమోనన్న భయమని ఖాజాబీ చెబితేగాని తెలియలేదు.

మా చెల్లెలి భర్త మస్తాన్ జిద్దా నగరంలోని షరఫియాలో టైలరు. గల్ఫ్ యుద్ధానికి రెండేళ్ళ ముందు వెళ్ళాడు. యుద్ధం ముగిసిన నాలుగో ఏట జాబు రాశాడు: "బావా, అక్కను తీసుకోని ఉమ్రాకు రా. జిద్దాలో దిగి నా కాడ నాలుగు దినాలుండి, ఆన్నుంచి మదీనాకు పోయి, తర్వాత మక్కాకు పోదురు." పింఛను వస్తోంది, మోకాళ్ళు ఇంకా పనిచేస్తున్నాయి. బయల్దేరాం.

జిద్దాలో దిగడం

విమానాశ్రయంలో మా సంచీ విప్పిన కుర్ర అధికారికి మొదట దొరికింది నా టేపు. ముప్పై మీటర్లది, తోలు పెట్టెలో ఉంటుంది. రిటైరైన నాడు స్టోరుకు అప్పగించడం మరిచిపోయాను. పుణ్యయాత్రకు టేపెందుకని ఖాజాబీ ఇంటి దగ్గరే అడిగింది, అలవాటు అన్నాను. ఆ కుర్రాడు కొస పట్టుకుని లాగాడు. అది వస్తూనే ఉంది. మళ్ళీ లోపలికి పోవాలంటే పిడి తిప్పాలని అతనికి తెలియదు, చెప్పడానికి నాకు భాష లేదు. ఇరవై మీటర్లదాకా నేల మీద పడింది. మా వెనక వరసలో ఉన్న ముసలమ్మ కాలికి చుట్టుకుంది.

"మునిసిపాలిటీ" అన్నాను గుండె మీద చెయ్యి పెట్టుకుని. వెనకనుంచి హైదరాబాదు ఆయనెవరో దాన్ని అరబ్బీలో "బలదియా" అని అందించాడు. కుర్రాడి ముఖం మారిపోయింది. టేపు తనే చుట్టబోయి, రాక, అలాగే ముద్దగా సంచీలో కుక్కి దారి ఇచ్చాడు. భాష వేరు, బట్ట వేరు, తిండి వేరు, మునిసిపాలిటీ అంటే భయం మాత్రం ఒక్కటేనని తెలిసి నాకు ప్రాణం లేచొచ్చింది.

షరఫియా

సౌదీలో పెట్రోలు కన్నా నీళ్ళు ఖరీదని సౌదీ గురించి రాసే ప్రతివాడూ రాస్తాడు. నేనూ రాసేశాను, ఇక ముందుకు పోదాం.

మస్తాన్ గదిలో ఆరుగురు ఉంటారు. మా కోసం ఐదుగురు వేరే గదుల్లో సర్దుకుంటే, మస్తాన్ కొట్లోనే చాప వేసుకున్నాడు. పొద్దున్నే అఫ్ఘాన్ కొట్టునుంచి తమీస్ తెచ్చాడు. మన ఇంటి చాటంత రొట్టె, ఒక్క రియాల్. రియాల్ అంటే అప్పుడు తొమ్మిది రూపాయల చిల్లర. రొట్టెలోకి ఫూల్ అని చిక్కుడుగింజల ముద్ద. ఖాజాబీ ఒక ముక్క నోట్లో పెట్టుకుని, "తాళింపు మర్చిపోయినట్టుండారే పాపం" అని లేచి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి వేసి పెట్టింది. ఆ వాసనకు సర్దుకుపోయిన ఐదుగురూ ఏదో ఒకటి మరిచిపోయామంటూ ఒక్కొక్కరే గదికి తిరిగొచ్చారు. టీ కూడా రియాలే. మా బస్టాండులో ఆ డబ్బుతో ఆరుగురికి టీ పోయించి పేరు తెచ్చుకోవచ్చు.

మస్తాన్ కొట్టు పెద్ద బజారునుంచి లోపలికి పోయే సందులో ఉంది. కొట్టు ముందు సిమెంటు అరుగు. మోకాలెత్తు, మూరన్నర వెడల్పు, కొట్టు పొడవునా ఉంటుంది. చూడగానే నా చెయ్యి టేపు కోసం వెతికింది. ఇంత ముందుకొచ్చిన అరుగును మా ఊళ్ళో ఎవడైనా కడితే నేను వదిలేవాణ్ణి కాదు. ఊరికే అసలే వదిలేవాణ్ణి కాదు.

మేం దిగింది బుధవారం. గురువారం మధ్యాహ్నంనుంచి సందులోకి మనుషులు రావడం మొదలైంది, శుక్రవారం జుమా నమాజు తర్వాత కాలు పెట్టే చోటు లేదు. మన ఆదివారం అక్కడ శుక్రవారం. ఎక్కడెక్కడి క్యాంపులనుంచో బస్సుల్లో, పికప్పుల్లో వచ్చిన మనవాళ్ళు. ఎవరి చోటు వాళ్ళది. మస్తాన్ అరుగు కడప జిల్లావాళ్ళది. ఎదురుగా కరెంటు స్తంభం కింద జగిత్యాలవాళ్ళు. సెలవు మీద ఊరికి పోయేవాళ్ళు అరుగు దగ్గరే ఉత్తరాలూ గుడ్డలూ తీసుకుంటారు. తిరిగొచ్చినవాళ్ళు అక్కడే ఉత్తరాలు, ఊరగాయలు, మాత్రలు ఇస్తారు. ఆ దేశంలో ఇంటికి టపా రాదు. 'జిద్దాలో మస్తాన్ అరుగు' అంటే చాలు, రాయచోటినుంచి ఏదైనా చేరుతుంది. వచ్చినవాడు వచ్చినట్టే ప్యాంటు కాళ్ళు మడిచి కుట్టమంటాడు, చొక్కాకు కొలత ఇస్తాడు. మస్తాన్‌కు వారం రోజుల పని ఆ ఒక్క మధ్యాహ్నమే దొరుకుతుంది.

వాడు కొలత రాసుకోవడం చూశాను. నడుము ముప్పై రెండు అయితే ముప్పై మూడు రాస్తాడు.

"అదేంది, తప్పు రాస్తావే?" అన్నాను.

"లోపల రవ్వంత గుడ్డ ఇడిసిపెట్టల్ల బావా. క్యాంపులో కూడు బాగుంటే లావైతాడు. కొలిచినట్టే కుట్టినామంటే మనిషి పట్టడు."

టేపు పట్టుకునేవాడు ఉన్నది ఉన్నట్టు రాయాలని నేను వాడికి పావుగంట పాఠం చెప్పాను. పాపం, వయసులో పెద్దవాణ్ణి కదా, విన్నాడు.

స్తంభం కిందివాళ్ళలో మల్లేశం అనే మేస్త్రి ఒకడు టీ పట్టుకుని ఇటు వచ్చాడు. అతనిది జగిత్యాల పక్క పల్లె. "అటు కూచోక ఇక్కడికొచ్చావే?" అంటే నవ్వాడు.

"నాకు రెండు దిక్కులా జాగున్నది సారు. లడాయప్పుడు నేను రాస్ తనూరా కాడ పైపుల పనిల ఉంటి. సైరన్ మోగుతే మాస్కు పెట్టుకొమ్మంటుండ్రి, మా దాక వొచ్చేసరికి మాస్కులు అయిపాయె. కంపిని బందు వెట్టి మమ్ముల బస్సులల్ల ఇటు తోలింది. జిద్దల దిగితే ఎవ్వల్ని ఎరుగం. గీ అరుగు మీదనే పదకొండు దినాలు. గీ మస్తానన్న రొట్టె వెట్టిండు. ఏ జిల్లా అని అడగలే."

మొయిన్ సాబ్ ఫైలు

శనివారం మస్తాన్ కఫీల్ మమ్మల్ని ఆఫీసుకు పిలిచాడు. కఫీల్ అంటే అక్కడ పనిచేసేవాడికి పూచీ ఉండే అరబ్బు. కొట్టు లైసెన్సు ఆయన పేరున, కొట్టు ఉన్న ఇల్లూ ఆయనదే. పెద్దమనిషి. తన చేత్తోనే గహ్వా, అంటే అరబ్బు కాఫీ, పోసి ఖర్జూరాలు ఇచ్చాడు. ఆయన ఆఫీసు నడిపేది హైదరాబాదు మొయిన్ సాబ్. టై, సెంటు, చంకలో ఫైలు. బజారు వ్యాపారుల కమిటీకి కూడా ఆయనే కార్యదర్శి.

సంగతి ఏమిటంటే, ఏడాది క్రితం బలదియా, వ్యాపారులు కలిసి పెద్ద బజారును ఒక పరిధిగా గీశారు. అందులోని కొట్లవాళ్ళు తలా ఇంత వేసుకోవాలి. ఆ డబ్బుతో కొత్త ఫుట్‌పాత్, దీపాలు, ఒకే రకం బోర్డులు, పూలకుండీలు. ఇప్పుడు ఆ పరిధిని పక్క సందుల్లోకి పెంచుతున్నారు.

"రివైటలైజేషన్ సార్" అన్నాడు మొయిన్ సాబ్. "అంటే ఏరియాకు మళ్ళీ లైఫ్ తేవడం. ఫస్ట్ ఫేజ్ సూపర్ సక్సెస్."

నిన్న మధ్యాహ్నం ఆ సందులో నా చెప్పు తెగిపోయేంత తోపులాట. అంతకన్నా ప్రాణం తెస్తే మనుషులు మిగలరు. కానీ నేను ఆ మాట అనలేదు. ఎందుకంటే ఆయన అప్పుడే, "మీరు టౌన్ ప్లానింగ్ ఎక్స్‌పర్ట్ కదా సార్" అన్నాడు. ఇరవై ఆరేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అనలేదు. గహ్వా కూడా తియ్యగా అనిపించింది. అందులో చక్కెర వెయ్యరు.

ఆయనకు కావాల్సింది చిన్న పని. నక్షా గీసిన ఇంజనీరు ఎండకు భయపడి సందుల్లోకి రాలేదు. ఊడ్చే మోటారు బండి తిరగాలంటే సందు ఆరు మీటర్లు ఉండాలి. ఉంటే పరిధిలోకి వస్తుంది, లేకపోతే వదిలేస్తారు. "జస్ట్ విడ్త్ కొలిచి ఫారంలో రాసి సైన్ చేయండి సార్. ఎక్స్‌పర్ట్ రాశాక మళ్ళీ కొలిచేవాళ్ళు ఉండరు."

కొలత

టేపు రెండో కొస పట్టుకోవడానికి మస్తాన్ వచ్చాడు. వాడి ముఖం బాగాలేదు.

"బావా, ఒక మాట. గోడకాన్నుంచి కొలవద్దు. అరుగు అంచుకాన్నుంచి కొలువు. ఐదూ చిల్లర వస్తాది. మన సందును ఇడిసిపెడతారు."

"ఎందుకు విడిచిపెట్టాలి? దీపాలొస్తాయి, నీ కొట్టుకు మంచి బోర్డొస్తుంది."

"బోర్డు చూసి వొచ్చేవోళ్ళు కాదు బావా నా కాడికి. అరుగు చూసి వొస్తారు. అరుగు పాయెనంటే మనోళ్ళు యాడ కూచ్చుంటారు? వాళ్ళు రాకుంటే నేను యాడికి పోవల్ల?"

ఇంత స్పష్టంగా చెప్పాడు. అర్థం కాలేదని నేను ఇప్పుడు చెప్పలేను. కానీ ఫారం మీద నా పేరు ఇంగ్లీషులో టైపు చేసి ఉంది, పేరు కింద 'కన్సల్టెంట్' అని ఉంది.

"ఉమ్రాకు వచ్చి అబద్ధం రాయమంటావా మస్తాన్?" అన్నాను.

మస్తాన్ తల దించుకున్నాడు. కొట్టు లోపల కూర్చున్న ఖాజాబీ మాత్రం తలెత్తింది. "మనింటి ముందర గది ఏ కొలతతో లేసిందో దేవునికే తెలుసు" అంది, సూదిలో దారం ఎక్కిస్తూ.

గోడనుంచి గోడకు ఆరు మీటర్ల పది సెంటీమీటర్లు వచ్చింది. అలాగే రాశాను. అంత అందంగా నేను ఏ ఫైలులోనూ సంతకం చేయలేదు.

మదీనా దారి

మరునాడు మమ్మల్ని మదీనాకు తీసుకెళ్ళింది ఖాదర్ అని రాయచోటి డ్రైవరు. నాలుగు వందల కిలోమీటర్లకు పైగా దారి. రోడ్డు ఎంత నున్నగా ఉందంటే, మా ఊరి బస్సులో అలవాటైన నడుముకు ఏదో తక్కువైనట్టు అనిపించింది. రెండు వైపులా నల్లరాళ్ళు, ఒంటెలు రోడ్డు మీదికి రాకుండా తీగల కంచె. ఒంటెలకూ పరిధి గీశారని మెచ్చుకున్నాను.

ఖాదర్ మాటకారి. మస్తాన్ పేరు చెప్పగానే, "అరుగు మస్తానా? ఆయప్ప మీకు బంధువా సార్?" అని వెనక్కి తిరిగి చూశాడు. రోడ్డు చూడమని ఖాజాబీ అరిచింది.

"నా పెండ్లిచూపులు ఆ అరుగు మిందనే అయినాయి సార్. పిల్ల లేదు. పిల్ల వాళ్ళన్న ఉన్నాడు, ఫోటో ఉన్నాది. నా నడుము కొలిచేటప్పుడు మస్తానన్న చెప్పినాడు, ఈ పిలగాడు తాగడు, జాబు రాయకుండా వారం ఉండడు అని. అంతే, కుదిరిపాయె. ఇప్పుడు నాకొక కూతురు. మొన్న సెలవులో పోయి చూసొచ్చినా."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చూడ్డానికి రాళ్ళు తప్ప ఏమీ లేవు.

"ఆ సందును బాగు చేస్తాండారంట గదా సార్?"

"అవును, వింటున్నా" అన్నాను. ఖాజాబీ నా వైపు ఒక చూపు చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో నాకు తెలియని చూపు కాదు.

దారిలో డ్రైవర్లు ఆగే హోటల్లో నేల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ మీద ఒకే పళ్ళెంలో మాంసం, అన్నం పెట్టారు. ఖబ్సా అంటారు. ముగ్గురం ఒకే పళ్ళెంలో తిన్నాం. ఖాదర్ మంచి ముక్కలన్నీ మా వైపు తోశాడు. మస్తాన్ బంధువులని. నేను వాటిని ఒక్కొక్కటే ఖాజాబీ వైపు తోశాను.

మదీనాలో నాలుగో రోజు అద్దాల గదుల్లో ఫోనులున్న చోటికి పోయి, మస్తాన్ కొట్టు పక్క దుకాణానికి చేశాను. కొలత ఇంకోసారి చూడాలి, ఫారం వెనక్కి తీసుకురా అని చెబుదామని.

"యాడిది బావా" అన్నాడు మస్తాన్. "నిన్ననే పగలగొట్టినారు. అర్ధగంట పట్టింది. మీరు బాగుండారా? అక్కకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా?"

తిట్టి ఉంటే బాగుండేది. రిసీవరు పెట్టేశాను. వెనకున్న సూడాన్ ఆయన అద్దం మీద ఉంగరంతో కొడితే బయటికొచ్చాను.

మక్కా

ఇక్కడ రాయవలసింది చాలా ఉంది, రాయగలిగినవాళ్ళు రాశారు. ఉమ్రా చేశాం. ఖాజాబీ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఆమె దేవుడి భయంతో ఏడ్చింది. నేను చెల్లెలి మొగుడి కొట్టు గుర్తొచ్చి ఏడ్చానని ఆమెకు ఇప్పటికీ చెప్పలేదు. దువాకు చేతులెత్తితే చాలు, అరుగు అడ్డమొచ్చేది. క్షమించమని అడిగేటప్పుడు పాత తప్పులన్నీ వరసగా అప్పజెప్పాలనుకుని బయల్దేరినవాణ్ణి, వారం కిందటి తప్పు దగ్గరే ఆగిపోయేవాణ్ణి.

రెండో రోజు మసీదు గుమ్మం దగ్గర నా చెప్పులు పోయాయి. వెతికి వెతికి, అక్కడ మిగిలిన జత తొడుక్కుని వచ్చాను. గదికొచ్చి చూస్తే రెండూ ఎడమకాలివే, ఒకటి తొమ్మిది, ఒకటి ఏడు.

"కొలిచి చూసుకోకపోయినారా? కన్సల్టెంటు గదా" అంది ఖాజాబీ.

మళ్ళీ షరఫియా

మూడు వారాలకు తిరిగి జిద్దా చేరాం. మళ్ళీ శుక్రవారమే, జుమా తర్వాత. సందు మొదట్లో నిలబడి, తప్పు సందుకు వచ్చామేమో అనుకున్నాను.

అందం విషయంలో పేరు పెట్టడానికి లేదు. నున్నటి గులాబీరంగు రాళ్ళు. అన్ని షట్టర్లకూ ఒకే మీగడ రంగు. అరుగు ఉన్నచోట వరసగా సిమెంటు కుండీలు, వాటిలో కాగితంపూల చెట్లు. కరెంటు స్తంభం చుట్టూ ఒక గుండ్రటి కుండీ. రెండు ఇనప బెంచీలు, ఎండకు ఎదురుగా. ఎవరూ నడుం వాల్చకుండా మధ్యలో ఇనప కమ్మీలు. మనిషి మాత్రం ఒక్కడూ లేడు. ఎంత శుభ్రంగా ఉందంటే, ఊడ్చే మోటారు బండికి ఊడ్చడానికి ఏమీ దొరక్క ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది.

ఒక్కడూ లేడన్నాను, మల్లేశం ఉన్నాడు. స్తంభం దగ్గర నిలబడి తన పనితనం చూసుకుంటున్నాడు. గుత్తేదారు దగ్గర మేస్త్రీగా ఆ పని చేసింది అతనే.

"గీ కుండీ నేనే కట్టిన సారు. గీడ మేం కూసుంటం గదా అని మనసుల వొడ్డది గని, ఎవ్వలికి జెప్పాలె? గుత్తేదారు ఇంజనీరు బాస నాకు రాదు, నా బాస గాయ్నకు రాదు."

"బాగా కట్టావు" అన్నాను.

"పని పనే గద. అంచు మాత్రం జర వెడల్పు వెట్టిన సారు, ఒక్కడన్న కూసుంటడని. ఇంజనీరు జూసి, ముండ్లచెట్టు పెట్టుమన్నడు."

మస్తాన్ కొట్టులో మస్తాన్ లేడు. అద్దాల అరలు బిగిస్తున్నారు. అత్తరు కొట్టు వస్తోందట, రెట్టింపు అద్దె. కఫీల్ మర్యాదస్తుడే, మస్తాన్‌ను వీధిలో పడెయ్యలేదు. వెనక సందులో లాండ్రీ పక్కన తనకున్న పాత ఇంట్లో ఒక గది ఇచ్చాడు. మల్లేశం మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళాడు.

మలుపు తిరగ్గానే గోల వినిపించింది. అన్ని జిల్లాలూ అక్కడే ఉన్నాయి. లాండ్రీకి ఒక పాత రాతి అరుగు ఉంది, అంచులు విరిగింది. దాని మీద రాయచోటి, దాని కింద జగిత్యాల, గోడవారగా నంద్యాల. మొదటి శుక్రవారం చోటు దొరక్క తిరిగారట, రెండో శుక్రవారానికి ఈ అరుగు కనుక్కున్నారట. ఆ తర్వాతే మస్తాన్ మిషను మోసుకొచ్చుకున్నాడు. గది చీకటి, ఫ్యాను లేదు. మెడలో టేపు వేసుకుని చెమటలో కుడుతున్నాడు. నన్ను చూసి లేచి, నాకే కుర్చీ వేశాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు చేసినా మస్తాన్" అన్నాను.

"పోనీలే బావా. ఇదీ బాగుండాది. ఇదొక్కటి నిలిస్తే చాలు."

వెనక సందు

నిలవదని మరునాడే తెలిసింది. మా విమానం ఆదివారం. శనివారం పొద్దున మొయిన్ సాబ్ ఫైలుతో వచ్చాడు.

"సార్, వండర్‌ఫుల్ న్యూస్. నిన్న కమిటీ మెంబర్స్ వెనక సందు చూశారు. ఏం క్రౌడ్ సార్! ఏం ఎనర్జీ! నెక్స్ట్ ఎక్స్‌టెన్షన్ అక్కడే."

"మరి ముందు సందులో జనం లేరేం?"

"దట్స్ వై సార్. పరిధి చిన్నదైపోయింది. ఇంకా పెంచాలి."

ఇలాంటి తెలివి ఉన్నవాళ్ళు దొరక్కే మా మునిసిపాలిటీ వెనకబడిపోయింది. నేను మెచ్చుకోలుగా తలూపాను. ఆయన ఫారం ఇచ్చాడు. నా పేరు ఈసారి ఇంకొంచెం పెద్ద అక్షరాల్లో ఉంది, 'సీనియర్ కన్సల్టెంట్' అని. నేను లేకపోతే ఎవరు కొలుస్తారని అడిగాను. ఎవరో ఒకరు కొలుస్తారు, ఇంజనీరుకు జ్వరం తగ్గితే ఆయనే రావచ్చు అన్నాడు. ఆయన్ను మస్తాన్ గదిలో కూర్చోబెట్టి, కలం జేబులో పెట్టుకుని టేపు తీశాను.

మస్తాన్ వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. అరుగు అంచుకు పెట్టబోయాడు. "అక్కడ కాదు, గోడకు పెట్టు" అన్నాను. వాడు గోడకే ఆనించాడు. ఈసారి ఏమీ అడగలేదు. అడగడం ఒకసారి అయింది కదా.

టేపు లాగి పట్టాను. ఎక్కడా వదులు లేకుండా బాగా బిగించి, కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. ఆరు మీటర్ల పన్నెండు. రెండోసారీ అంతే వచ్చింది.

"ఎంత బావా?" అన్నాడు అవతలి గోడ దగ్గరినుంచి.

"ఐదూ ఎనభై."

మస్తాన్ ఇటు వచ్చి టేపు చూశాడు. పదిహేనేళ్ళుగా టేపు మెడలో వేసుకుని బతికేవాడు, నాకన్నా బాగా చదవగలడు. అంకె చూశాడు, నా ముఖం చూశాడు. టేపు నా చేతిలోంచి తీసుకుని పిడి తిప్పుతూ నెమ్మదిగా చుట్టాడు.

"లోపల గుడ్డ ఇడిసినావు బావా" అన్నాడు.

అరుగు కొట్టేస్తే సరిపోతుందని ఎవరూ అనకుండా, ఫారంలో గోడనుంచి గోడకు అనే రాశాను. మొయిన్ సాబ్ ఫారం చూసి చాలా బాధపడ్డాడు. ఇరవై సెంటీమీటర్లే కదా సార్, ఏమైనా అడ్జస్ట్ చేయొచ్చా అని అడిగాడు. ఉమ్రా చేసొచ్చి అబద్ధం రాయమంటారా అన్నాను. ఆయన చెంపలు వేసుకుని, కమిటీకి చెబుతానని ఫైలు మూసి వెళ్ళిపోయాడు. ఇది జరిగి రెండేళ్ళయింది, ఆ సందును మళ్ళీ ఎవరూ కొలవలేదట. ఖాదర్ మొన్న సెలవులో మా ఊరొచ్చి, అరుగు మస్తానన్న పంపాడని ఒక చొక్కా ఇచ్చిపోయాడు. పక్క కుట్ల దగ్గర రెండు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి ఉంది.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నేను తప్పు కొలతలు రాయకపోలేదు. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకుండా రాసింది మాత్రం ఆ ఒక్కటే.